నాన్న నా పేరు పక్కన రాసిన తప్పు

మొన్న శుక్రవారం మా మనవరాలి ఆటకి లెక్క రాసే ఆవిడ రాలేదు. కోచ్ అట్టకి బిగించిన కాగితం పట్టుకుని తల్లులందరి వైపూ చూశాడు. తల్లులు ఫోన్ల వైపు చూశారు. నేను చెయ్యి చాపాను.

నేనూ మా ఆయనా ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఈ ఖతర్‌లోనే పనిచేశాం. ఆయన అల్ ఖోర్ వైపు గ్యాస్ కంపెనీలో, నేను ఆసుపత్రిలో నర్సుగా. ఉద్యోగాలు మానేశాక ఐన్ ఖాలిద్‌లో అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం. మనవరాలికి పదేళ్ళు. దాని క్లాసులో ఒక జపాన్ పిల్ల ఉంది. ఆ పిల్లని చూసి ఇదీ బేస్‌బాల్‌లో చేరింది. చలికాలం శుక్రవారాల్లో పొద్దున ప్రార్థనకి వెళ్ళొచ్చి, భోజనాలయ్యాక దాన్ని గ్రౌండుకి తీసుకెళ్ళడం ఇప్పుడు నా డ్యూటీ.

పిల్లల వ్యాన్ నడిపే అబ్బాయిది జగిత్యాల వైపు. ఆట అయ్యేదాకా నా పక్కనే మెట్ల మీద కూర్చుంటాడు. ఆ రోజు నేను గడుల్లో గీతలు గీస్తుంటే వంగి చూశాడు.

"అమ్మా, గిదేం ఆట? ఏషియన్ టౌన్ల మేం ఆడే క్రికెట్ లెక్క లేదు. కట్టె గూడ గుండ్రంగున్నది. మీకెట్ల ఎరుక?"

"చిన్నప్పుడు ఆడేదాన్ని."

"ఆంధ్రల గీ ఆట ఉండెనా?"

"ఆంధ్ర అంతా లేదు బాబూ. మా కాంపౌండులో ఉండేది."

అతను నవ్వేశాడు. "మా అవ్వకు ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా దుబాయే అంటది. మీరు చెప్పేది నాకు గూడ గట్లనే తలకెక్కుతలేదు."

నాలుగో ఇన్నింగ్స్‌లో మా మనవరాలి దగ్గరికి తేలికైన బంతి వచ్చింది. జారవిడిచింది. ఆ గడి దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. ఏమైందమ్మా అని డ్రైవరబ్బాయి అడిగేదాకా ఆగే ఉంది. ఏంలేదని చెప్పి, రాయాల్సింది రాసేశాను. ఇంటికొచ్చి, స్నానం చేసి, చపాతీలు ఒత్తుతున్నా ఆ గడి నన్ను వదల్లేదు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

మా మిషన్ కాంపౌండు గోదావరి కాలువ ఒడ్డున ఉండేది. ఆసుపత్రి, నర్సింగ్ స్కూలు, ఆడపిల్లల హాస్టలు, బడి, మేం గుడి అని పిలిచే చర్చి, పనిచేసేవాళ్ళ పెంకుటిళ్ళు, అన్నీ ఒకే ప్రహరీ లోపల. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఫినైలు వాసన. నాలుగడుగులు వేస్తే కాలువ బురద వాసన. ఇంకాస్త లోపలికి వెళ్తే, పదిగంటల వేళ అయితే, రొట్టె కాలుతున్న వాసన. నేను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. అమ్మ అక్కడ నర్సు. ఆవిడకి డ్యూటీలే సరిపోయేవి కాబట్టి నన్ను పెంచింది అమ్మమ్మ.

ఆసుపత్రికి పెద్ద డాక్టరు మిస్సమ్మగారు. అమెరికా నుంచి వచ్చి, పెళ్ళీ గిళ్ళీ లేకుండా అక్కడే తల నెరిసిన మనిషి. ఆవిడ తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. అంచేత రోగులతో కూడా "నోరు తెరువుము, నాలుక చాపుము" అనేవారు. ఊళ్ళవాళ్ళు భయంతోనూ భక్తితోనూ ఇంత పొడుగున చాపేవారు. ఓడ మీద తెచ్చుకున్న పెద్ద పెట్టెలో మందుల పుస్తకాలతో పాటు మూడు బ్యాట్లు, కొన్ని తోలు తొడుగులు, రెండు బంతులు కూడా ఉండేవి. రోజూ సాయంత్రం వార్డు చూడడం అయ్యాక హాస్టలు పిల్లల్నీ మమ్మల్నీ పోగుచేసి బడి వెనక దొడ్లో ఆడించేవారు. వరిగడ్డి కుక్కిన గోనె ముక్కలు నాలుగు మూలలా పెడితే అవే బేసులు. నాలుగూ చుట్టొస్తే ఒక పరుగు.

ఆ కాంపౌండులో కల్లు అన్న మాట ఎత్తడానికి లేదు. ఆదివారం ప్రసంగాల్లో సగం దాని మీదే. కానీ రొట్టె పిండి పొంగాలంటే అందులో కల్లు పడాలి. మిస్సమ్మగారి బంగళాలో వండే తాత పొద్దున్నే చెంబు మీద గుడ్డ కప్పి వెనక గేటు గుండా తెచ్చేవాడు. ఆ సంగతి కనిపెట్టింది నేనూ, నా స్నేహితురాలూ. బయటికి చెప్పకుండా ఉన్నందుకు మాకు రోజూ వేడివేడి రొట్టె అంచులు ముట్టేవి. మిస్సమ్మగారు ఆ రొట్టెకి జామపండు జెల్లీ రాసుకుని తింటూ "ఇది మా దేశపు రొట్టె కంటె మేలైనది" అని మెచ్చుకునేవారు. తాత నేల చూపులు చూసేవాడు. ఆవిడకి తెలుసో తెలియదో నేనిప్పటికీ చెప్పలేను.

ఆ స్నేహితురాలు హాస్టలు పిల్ల. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో ఆసుపత్రి వరండాలో వదిలి వెళ్ళారట. సెలవులకి అందరి కోసం ఎవరో ఒకరు వచ్చేవారు. దాని కోసం ఎవరూ వచ్చేవారు కాదు. అది వంట తాత దగ్గర కూర్చుని బఠాణీలు ఒలిచేది. అన్నీ ఎడంచేత్తో చేసేది. ఎడంచేత్తో తింటుందని హాస్టలు ఆయమ్మ చేతి మీద కొట్టేది. ఎడంచేత్తో రాస్తోందని పంతులమ్మ కొట్టేది. ఒకరోజు ఆటలో అది విసిరిన బంతిని చూసి మిస్సమ్మగారు దగ్గరికి వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఈ చేతిని ఎవరును మార్చకుందురు గాక" అన్నారు. ఆ మర్నాటినుంచి దాన్ని ఎవరూ కొట్టలేదు. మా జట్టులో బంతి విసిరే పని దానిదయింది.

నాన్న అదే బడిలో లెక్కల మాస్టారు. తన జీవితంలో ఏ ఆటా ఆడి ఎరగరు. పంచె కట్టుకుని, కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని మా ఆటకి లెక్క రాసేవారు. ఆయనకి ఆ పిచ్చి పట్టించింది మిస్సమ్మగారి దగ్గరున్న ఒక పాత పేపరు ముక్క.

మిస్సమ్మగారి నాన్నగారు వయసులో ఉండగా ఒక్క ఏడాది, జీతానికి బేస్‌బాల్ ఆడారట. పోయిన శతాబ్దం మొదట్లో మాట అది. ఆటకి జీతమేమిటని అమ్మమ్మ చాలాకాలం నమ్మలేదు. ఆయన ఆడిన ఒకానొక ఆట వివరం పేపర్లో పడితే కత్తిరించి దాచుకుని, కూతురు ఓడెక్కేటప్పుడు ఆవిడ చేతిలో పెట్టారు. అరచెయ్యంత కాగితం. అందులో బొమ్మ లేదు, కథ లేదు. రెండు జట్ల ఆటగాళ్ళ పేర్లు, ఒక్కో పేరుకి ఎదురుగా వరసగా అంకెలు. ఎన్నిసార్లు బ్యాటు పట్టాడు, ఎన్ని పరుగులు తీశాడు, ఎన్ని తగిలాయి, అవతలివాళ్ళని ఎంతమందిని ఔట్ చేశాడు, ఎంతమందిని ఔట్ చేయడానికి బంతి అందించాడు, ఎన్ని తప్పులు చేశాడు. అడుగున రెండు పంక్తులేవో ఉండేవి గానీ, ఆ మూల పురుగు కొట్టేసింది.

నాన్న సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని ఆ అంకెలు చదివి మాకు ఆట చెప్పేవారు. "ఇదిగో, ఇతను నాలుగుసార్లు బ్యాటు పట్టాడు. ఒక్కటీ తగల్లేదు. ఆ పూట అన్నం సయించి ఉండదు. ఇదిగో, మొదటి బేసు దగ్గర నిలబడ్డవాడు. పదమూడు మందిని ఔట్ చేశాడు. అంటే మిగతావాళ్ళంతా బంతులు ఆపి ఆపి ఇతనికి విసురుతున్నారన్నమాట. పొడుగరి అయ్యుంటాడు." మేం శనగలు నముల్తూ వినేవాళ్ళం. ఎక్కడో సముద్రాల అవతల, మా తాతలు కుర్రవాళ్ళుగా ఉన్న రోజుల్లో, ఎవరో పద్దెనిమిది మంది ఒక మధ్యాహ్నం చేసినదంతా మా అరుగు మీద మళ్ళీ జరిగేది.

ఒక్క చోట మాత్రం నాన్నకి లెక్క కుదర్లేదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ముగ్గురు చొప్పున ఇరవై ఏడుగురు ఔటవ్వాలి. ఒక జట్టు ఇరవై ఏడుగురినీ ఔట్ చేసింది. మిస్సమ్మగారి నాన్నగారి జట్టు ఇరవై ఆరుగురినే చేసింది. అచ్చుతప్పేమో అనుకుని ఒక్కొక్క పేరు ఎదుట ఉన్న అంకెలూ కూడి చూశారు. ఇరవై ఆరే. నెలల తరబడి కూడారు. ఆఖరికి వెళ్ళి అడిగారు.

"ఆ ఒక్కడు ఏమయ్యాడండీ?"

మిస్సమ్మగారు నవ్వి, "మాస్టరుగారూ, మీరే వెదకుడి" అన్నారు.

ఆ ఏడు బడులు మూసే ముందు మాకూ నర్సింగ్ స్కూలు అక్కలకీ ఆట పెట్టారు. వాళ్ళు మాకంటే ఐదారేళ్ళు పెద్ద. బావిలో నీళ్ళు తోడి, రోగుల్ని ఎత్తి, చేతులు గట్టిపడ్డవాళ్ళు. ఐదు ఇన్నింగ్స్ ఆట అనుకున్నాం. కాంపౌండంతా వచ్చింది. జబ్బు తగ్గుముఖం పట్టిన రోగులు దుప్పట్లు కప్పుకుని వరండాలో కూర్చున్నారు. ఆడపిల్లలు కర్రలు పట్టుకుని పరిగెత్తడమేవిటని రోజూ సణిగే అమ్మమ్మ, డబ్బాడు జంతికలు పట్టుకుని అందరికంటే ముందొచ్చింది.

ఆ రోజు నా స్నేహితురాలి ఎడంచెయ్యి ఎలా ఆడిందో చెప్పడం నా వల్ల కాదు. బంతి నేరుగా వస్తున్నట్టే ఉండేది, అక్కలు బ్యాటు ఊపేసరికి అక్కడ ఉండేది కాదు. నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఒక్కరికీ సరిగ్గా తగల్లేదు. మేం రెండు పరుగులు తీశాం. వాళ్ళది సున్నా. నాన్న కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు. ఒక్కటీ తగలకుండా ఆట మొత్తం ముగించడమంటే ఎంత అపురూపమో మాకు చెప్పింది ఆయనే.

ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక పొడుగాటి అక్క కొట్టిన బంతి నేల మీద దూసుకుంటూ నేరుగా నా వైపు వచ్చింది. అలాంటివి నేను కొన్ని వందలు ఆపి ఉంటాను. కానీ అది నా దాకా వచ్చే ఆ రెప్పపాటులో తలెత్తి నాన్న వైపు చూశాను. ఆయన చూస్తున్నారో లేదోనని. బంతి మణికట్టుకి తగిలి పక్కకి ఎగిరిపోయింది. అక్క బేసు చేరింది. తర్వాత ఒక్కో బేసూ జరుగుతూ పరుగు కూడా తీసేసింది.

ఆట మేమే గెలిచాం, రెండు ఒకటితో. కానీ గెలిచామన్న కేకలు అయ్యాక అక్కలంతా నాన్న కుర్చీ చుట్టూ మూగారు.

"అది మేం కొట్టినట్టే రాయాలి మాస్టారూ. చెయ్యి వాచిపోయేట్టు వచ్చింది బంతి. అది ఆపగలిగేది కాదు" అంది పొడుగాటక్క. "పాపం, మీ అమ్మాయిని అడగండి."

ఆపగలిగిన బంతిని జారవిడిస్తే అది కొట్టినవాళ్ళ లెక్కలో పడదు, జారవిడిచినవాళ్ళ తప్పు కింద పడుతుంది. వాళ్ళు అడుగుతున్నది నాకూ మంచిదే. కొట్టినట్టు రాస్తే నా పేరు పక్కన తప్పు పడదు. కాకపోతే ఒక్కరినీ కొట్టనివ్వలేదన్న నా స్నేహితురాలి సున్నా పోతుంది. నాన్న మిస్సమ్మగారి వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. లెక్క రాసేవాడిదే నిర్ణయం. నాన్న కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, రాశారు. వాళ్ళు కొట్టినవి సున్నా. మా జట్టు చేసిన తప్పులు ఒకటి. ఆ ఒకటి నా పేరు ఎదుట.

నా స్నేహితురాలు నన్ను బడి బావి దగ్గరికి తీసుకెళ్ళి మణికట్టు మీద చన్నీళ్ళు పోసింది. చేద మళ్ళీ బావిలోకి వదులుతూ అంది, "నేను మాస్టారికి చెప్పనా? వాళ్ళు కొట్టినట్టే రాసెయ్యమని?"

నేను వద్దనాల్సింది. "చెప్పు" అన్నాను.

అది నిజంగానే వెళ్ళి చెప్పింది. నాన్న దాన్ని పైనుంచి కిందికి చూసి, "అది ఇచ్చెయ్యడానికి నీ ఒక్కదానిదీ కాదమ్మా. జరిగిందది" అన్నారట. మర్నాడు పొద్దున ఆ లెక్కంతా నల్లసిరాతో చక్కగా ఎత్తి రాసి బడి నోటీసు బోర్డు మీద అంటించారు.

మూడు రోజులు నేను నాన్నతో మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అమ్మమ్మ నా చేతికి ఆముదం ఆకు వెచ్చచేసి కడుతూ, నాన్నకి వినపడేట్టు మొదలుపెట్టింది.

"ఆ ఒక్క అంకె వెయ్యకపోతే ఏం కొంప మునిగిపోయేదండీ అల్లుడుగారూ? సొంత పిల్ల. పైగా చెయ్యి ఇంత లావున వాచింది."

"వెయ్యకపోతే ఆ పిల్ల సున్నా పోయేది అత్తయ్యా."

"సున్నాయే కదండీ."

"దానికి ఉన్నది అదొక్కటే" అన్నారు నాన్న.

అమ్మమ్మ కట్టు ముడివేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం గోడ వైపు తిరిగే ఉన్నాను. నాకు మండింది ఆయన రాసినందుకు కాదు. ఆయన అన్యాయం చేశారని నన్ను నేను నమ్మించుకోలేకపోతున్నందుకు.

మూడో రోజు మిస్సమ్మగారు చెయ్యి చూడాలి రమ్మని కబురు పంపారు. నాన్నే తీసుకెళ్ళారు, ముందు ఆయన, పది అడుగులు వెనక నేను. బంగళా వరండాలో ఆవిడ కట్టు విప్పి, వేళ్ళు కదిలించమని, ఎముక బాగానే ఉందన్నారు. తర్వాత సొరుగులోంచి ఆ పేపరు ముక్క తీసి నా ఒళ్ళో పెట్టారు.

"మీ నాయన వెదకుచున్న ఆ ఒక్కని సంగతి నీకు చెప్పెదను. అప్పటికి ఆట సమానముగా ఉండెను. ఆఖరి వంతున ఇద్దరు ఔటైరి. ఇంకొక్కడు ఔటైన యెడల ఆట ఇంకను సాగును. బంతి మా నాయన యొద్దకు వచ్చెను. సులువైన బంతి. ఆయన జారవిడిచెను. అవతలివారు పరుగు తీసి గెలిచిరి. గెలిచినవెంటనే ఆట ముగిసెను గనుక ఆ ఇరవై యేడవవాడు ఔట్ కానేలేదు."

నాన్న వరండా మెట్టు మీద అలాగే కూర్చుండిపోయారు. మా ఆటల్లో గెలిచినా సరే, మిగిలిన పిల్లలు తమ వంతు బ్యాటు పట్టేదాకా ఆపనిచ్చేవాళ్ళు కాదు. ఆట అలా మధ్యలో తెగిపోతుందని ఆయనకెలా తడుతుంది? కాసేపటికి తొడ మీద చరుచుకుని, "కుదిరింది, లెక్క కుదిరింది" అన్నారు. పరీక్షలో పాసైన కుర్రాడిలా ఉంది ఆయన మొహం.

నేను ఆ కాగితంలో మిస్సమ్మగారి నాన్నగారి పేరు వెతికాను. ఎదురుగా, ఆఖరి గడిలో ఒకటి ఉంది.

"మరి తప్పు చేసిన ఆట కాగితం ఎందుకు దాచుకున్నారండీ?"

"నేనును అడిగితిని" అన్నారు మిస్సమ్మగారు. "తక్కిన పేపర్లన్నిటిలో మా యింటి పేరు తప్పుగా అచ్చువేసిరట. ఇందులో మాత్రమే అక్షరములు సరిగా నున్నవి."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. నాన్న కూడా నవ్వారు. కానీ అలక పూర్తిగా దిగక ఇంకొకటి అడిగాను. "ఆ తర్వాత ఆయన ఆట మానేశారా?"

"లేదు. మరునాడు మధ్యాహ్నము మరల ఆడెను. ఆ దినపు కాగితము లేదు గనుక ఏమి చేసెనో నాకు తెలియదు."

వస్తూ వస్తూ దారిలో నాన్న నా పక్కకి వచ్చి నడిచారు. కాలువ గట్టు మీద ఎవరో వల ఆరేస్తున్నారు. "బంతి నీ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు నన్ను చూశావు" అన్నారు.

"మీరెలా చూశారు?"

"నేనూ బంతిని చూడలేదు. నిన్నే చూస్తున్నాను. అందుకే తెలిసింది."

ఆ పూట అన్నానికి గోడ వైపు తిరిగి కూర్చోలేదు.

ఆ మర్నాడు సాయంత్రం నాన్న తోలు తొడుగు ఒకటి తొడుక్కుని పెరట్లోకి వచ్చారు. పొరపాటున కుడిచేతికి తొడిగారు. నేను విప్పి ఎడంచేతికి పెట్టాను. పంచె ఎగ్గట్టి నిలబడి, "ఊఁ, వెయ్యి" అన్నారు. మెల్లిగా వేశాను. ఛాతీకి తగిలి కిందపడింది. రెండోది భుజం మీంచి పోయి అమ్మమ్మ ఆరబెట్టిన వడియాల్లో పడింది. అమ్మమ్మ మా ఇద్దర్నీ తిట్టింది. జేబులోంచి కాగితమూ పెన్సిలూ తీసి నాకిచ్చి, "నువ్వు రాయి" అన్నారు నాన్న. నేను రాశాను, ఒక్కటి కూడా వదలకుండా. చీకటి పడేదాకా ఆడాం.

మర్నాడు నా స్నేహితురాలికి అదంతా చెప్పాను. "చెప్పు" అన్నందుకు క్షమాపణ కూడా అడిగాను. అది రొట్టె అంచు నోట్లో పెట్టుకుని, "నువ్వు ఏదంటే అది చెయ్యాలనుకునే అడిగాను కదా" అంది.

ఆ తర్వాత రెండేళ్ళకి మిస్సమ్మగారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఆసుపత్రి కొన్నాళ్ళు నడిచి మూతపడింది. మొన్నామధ్య వెళ్ళినప్పుడు చూస్తే మా దొడ్డి ఉన్నచోట కల్యాణమండపం ఉంది. కాలువ మాత్రం అలాగే పారుతోంది. నా స్నేహితురాలూ నేనూ అదే నర్సింగ్ స్కూల్లో చదివాం. నేను ఇటు వచ్చేశాను, అది కాకినాడలో స్థిరపడింది. నలుగురు మనవలు. నోటీసు బోర్డు మీద నుంచి తీసిన కాగితాన్ని నాన్న దానికే ఇచ్చారు. అద్దం కట్టించి, నర్సింగ్ సర్టిఫికెట్టు పక్కన గోడకి తగిలించింది. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా దాని మనవలు నన్ను ఆ గోడ దగ్గరికి లాక్కెళ్ళి, అందులో ఉన్న ఒకే ఒక్క తప్పు ఎవరిదో చూపించి పకపకా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నిజానికి వాళ్ళు చూపించాలని ఎదురుచూస్తాను.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చేతిరాత మా ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు. ఆ గోడ మీద మాత్రం నా పేరు ఆయన అక్షరాల్లో గుండ్రంగా, తలకట్లు కూడా చెదరకుండా ఉంది.